మీకు తెలుసా? కొల్లేటి పెరట్లో రూపాయి ఎక్కడ మిగులుతుంది

ఆకివీడు చుట్టుపక్కల పెరటి తోట వేసేవాళ్లకి డబ్బు ఎక్కువగా దండగయ్యేది నీళ్ల దగ్గరే. బోరు నీళ్లు ఊరికే వస్తున్నాయి కదా అని పోస్తారు. ఆకుల అంచులు మాడిపోతాయి. తెగులేమో అనుకుని మందు కొంటారు. మందుకి లొంగదు, మొక్క పోతుంది, మళ్లీ నారు కొంటారు. ఆ ఖర్చంతా ఉప్పు ఖాతాలో రాసుకోవాల్సిందే. కొల్లేరు సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. వేసవిలో కొల్లేటిలోకి వచ్చే బుడమేరు, తమ్మిలేరు సన్నగిల్లి, మరమ్మతులకని డెల్టా కాలువలు కట్టేసిన రోజుల్లో సముద్రపు పోటు ఆ ఏటి వెంట ఎదురెక్కుతుంది. అందుకే ఇక్కడ తోట పని గునపంతో కాకుండా నీటి పరీక్షతో మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను.

మంచినీళ్ల ప్లాంటు వాళ్లు గ్లాసులో ముంచి అంకె చూపించే చిన్న టీడీఎస్ మీటరు ఉంటుంది చూడండి, తోటకీ అదే తీర్పరి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాగునీటికి ఒక లెక్క పెట్టింది. లీటరు నీటిలో కరిగిన లవణాలు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ మొక్కకైనా నిశ్చింతగా పోయొచ్చు. 450 నుంచి 2000 దాకా మొక్కని బట్టి, నేలని బట్టి జాగ్రత్త పడాలి. 2000 దాటితే మామూలు కూరగాయలకి ఆ నీళ్లు పనికిరావు. మీటరు మీద కనిపించే పీపీఎం అంకెనే మిల్లీగ్రాములుగా తీసుకోవచ్చు. మన దేశపు తాగునీటి ప్రమాణం 500. వేరే నీటి వసతి లేని చోట 2000 వరకూ ఒప్పుకుంటారు. అంటే మనిషి తాగడానికి సరేనన్న నీళ్లు కూడా బీన్స్ పాదుకి పడకపోవచ్చు. మీటరు అందరూ కొనక్కర్లేదు, వీధికొకటి చాలు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, వానలు పడ్డాక ఆగస్టులో ఇంకోసారి చూడాలి. ఒకే బోరు ఆ రెండు నెలల్లో రెండు రకాలుగా పలుకుతుంది.

మొక్కలన్నిటికీ ఉప్పు ఒకేలా చేదు కాదు. నేలలోని ఉప్పుని డెసిసీమెన్లనే వేరే కొలతలో కొలుస్తారు. బీన్స్, క్యారెట్ 1 దగ్గరే దిగుబడి తగ్గించేసుకుంటాయి. ఉల్లి, ముల్లంగి కూడా ఇంచుమించు అంతే సుకుమారం, మిరప 1.5 వరకూ ఓర్చుకుంటుంది. టమాటా, దోస 2.5 దాకా, బీట్‌రూట్ 4 దాకా నిలబడతాయి. బొబ్బర్లు దాదాపు 5 దాకా లెక్కచేయవు. బీన్స్ విత్తనాల పొట్లం కొనే డబ్బుతో బొబ్బర్లు వేస్తే ఆకివీడులో అది నిజమైన పొదుపు. పైగా బొబ్బర విత్తనం కిరాణా కొట్లోనే దొరుకుతుంది. గంగపాయల కూర మరీ గట్టిది. దాన్ని కలుపని పీకి పారేస్తాం గానీ, ఉప్పు నీళ్లకి జంకకుండా పెరిగే ఆకుకూర అది, పప్పులో వేస్తే పుల్లగా కమ్మగా ఉంటుంది.

ఉప్పు నీళ్లని రోజూ చెంబుడు చెంబుడు పోయడమే అన్నిటికంటే చేటు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. నాలుగు వారాలు తిరిగేసరికి కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. పోసినప్పుడల్లా అడుగు కన్నంలోంచి కాస్త నీరు కారేదాకా నిండుగా పోస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది. వానాకాలంలో కుండీల్ని సన్‌షేడ్ కిందకి జరపకండి. ఏడాది పొడవునా పేరుకున్న ఉప్పుని ఖర్చు లేకుండా కడిగిపెట్టేది ఆ వానే.

ఇంట్లో ఆర్వో మిషను వదిలే నీళ్లని మొక్కలకి పోయమని చాలామంది చెబుతారు. హైదరాబాదులో కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో అది సరేనేమో, కొల్లేటి ఊళ్లలో మాత్రం వద్దు. మంచి నీటిని మనకిచ్చి, ఉప్పునంతా మిగతా నీళ్లలోకి నెట్టడమే ఆ మిషను చేసే పని. లోపలికి వెళ్లిన నీటికంటే బయటికొచ్చేది ఇంకా ఉప్పన. గచ్చు కడగండి, బాత్‌రూములో వాడండి. ఏసీ గొట్టంలోంచి బొట్లు బొట్లుగా కారేవి మాత్రం గాలిలోని తేమ నీరుగా మారినవి, వాటిలో ఉప్పు ఉండదు. ఆ గొట్టం కింద బకెట్ పెట్టి, పట్టిన నీళ్లని నారుమడికి, కొత్తిమీర కుండీకి వాడండి.

వంద గజాల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎన్ని నీళ్లో తెలుసా? 836 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు నిండి పొంగుతాయి. మొదటి జల్లు డాబా కడగడానికి వదిలేసి, తర్వాతది పట్టుకుని, దోమలు చేరకుండా మూతికి పాత పంచె గుడ్డ బిగించి కడితే చాలు. మన ఊళ్లో అంతకంటే తియ్యటి నీళ్లు కొన్నా దొరకవు.

కుండ పాతితే

నీరు చెమర్చే మట్టి కుండని మెడ దాకా నేలలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టి, చుట్టూ గింజలు నాటే పద్ధతి రెండు వేల ఏళ్ల నాటిది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్జీ రాసిన సేద్యపు గ్రంథంలో దీని వివరం ఉంది. మన దేశంలో దీన్ని మళ్లీ వెలికితీసింది ఉప్పు నేలల మీద పరిశోధించే సంస్థే కావడం నాకెంతో నచ్చే విషయం. హర్యానాలోని కర్నాల్‌లో కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ 1969లో మొదలైంది. అక్కడి శాస్త్రవేత్త ఆర్.సి. మండల్ 1970లలో కుండల సేద్యాన్ని పరీక్షించి ప్రపంచానికి చెప్పారు. తర్వాత కొంత ఉప్పు కలిసిన నీళ్లతోనూ ఈ పద్ధతిలో కూరగాయలు పండుతాయని తేలింది.

కారణం చిన్నదే. మట్టి ఎంత ఎండితే కుండ గోడలోంచి అంత నీరు పీల్చుకుంటుంది, తడిగా ఉంటే మానేస్తుంది. వేళ్ల దగ్గర తేమ ఎప్పుడూ ఒకేలా ఉండడంతో ఉప్పు అక్కడ చిక్కబడదు, తడి అంచుకి జరిగిపోతుంది. కుండకి రంగు గానీ నునుపు పూత గానీ ఉండకూడదు. చలివేంద్రంలో నీళ్లు కారిపోతున్నాయని తీసి పక్కన పెట్టిన పాత కుండ ఉందంటే ఇంతకంటే మంచి పని దానికి లేదు. అయిదారు లీటర్ల కుండ చుట్టూ మూడు నాలుగు దోస పాదులో, గుమ్మడి పాదులో పెట్టుకోవచ్చు. ఊరెళ్లి రెండు మూడు రోజులకి వచ్చినా పాదు వాడదు.

గుర్రపు డెక్క

దక్షిణ అమెరికా నుంచి అందమైన ఊదారంగు పూల కోసం తెచ్చుకున్న మొక్క ఇది. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌లో అడుగుపెట్టి దేశమంతా పాకింది. ఇప్పుడు ఆకివీడు, కైకలూరు, ఉండి మండలాల కాలువల్లో, మురుగు కోడుల్లో నీళ్లు కనిపించకుండా పరుచుకునేది ఇదే. నీరూ ఎండా కుదిరితే రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. దీన్ని తీయించడానికి ప్రభుత్వం ఏటా ఖర్చు పెడుతోంది, గట్టు మీద పడేసిన కుప్పలు అక్కడే కుళ్లిపోతున్నాయి. మనం కంపోస్టు సంచి కొనుక్కుంటున్నాం. ఈ రెండింటినీ కలపకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

దానిలో నూటికి 90 నుంచి 95 పాళ్లు నీరే. అందుకే పచ్చిది పచ్చిగా గుంటలో వేస్తే కంపు కొట్టే ముద్దవుతుంది. గట్టు మీదే రెండు రోజులు ఎండనిచ్చి తెస్తే మోత కూడా తగ్గుతుంది. కత్తితో ముక్కలు నరికి, జానెడు మందం దానిది, పైన కాస్త పేడ, ఎండుగడ్డి, మళ్లీ అది. ఇలా పొరలు పేర్చి పైన గోనె కప్పాలి. వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో మట్టి వాసన వేసే నల్లటి ఎరువవుతుంది. వానపాములుంటే ఇంకా త్వరగా అవుతుంది. పేడ ఆవుదైనా గేదెదైనా కంపోస్టుకి పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు. పూత రాక ముందు కోసిందే తెచ్చుకోండి, దీని గింజ బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇక నీళ్లలో ఉన్న భార లోహాల్ని లాక్కుని దాచుకోవడం ఈ మొక్క లక్షణం. ఫ్యాక్టరీ మురుగు కలిసే కోడులోంచి తెచ్చిన డెక్కని పూలమొక్కలకి వేయండి గానీ, పాలకూర మడికి వద్దు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. కాబట్టి దీనికోసం సరస్సులోకి దిగక్కర్లేదు, ఊరి పంటకాలువ గట్టు మీద కావలసినంత ఉంది.

చేపల ఊరి సంపద

శీలావతి, బొచ్చె పెంచే మంచినీటి చెరువు నీళ్లు ఎందుకంత ఆకుపచ్చగా ఉంటాయో తెలుసా? మిగిలిన మేత, చేపల విసర్జన కలిసి నత్రజని, భాస్వరం కరిగిపోయి ఉండడం వల్ల. మొక్కకి అది పలచటి ఎరువు నీళ్లే. చెరువు గట్ల మీద కొబ్బరి, అరటి, కూరగాయలు పెట్టుకోమని మత్స్య శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే. పట్టుబడి అయ్యాక ఎండగట్టిన చెరువు అడుగున తేలే నల్లటి ఒండ్రు ఇంకా బలమైనది. ఎండి పగుళ్లు తీసిన పెంకుల్ని తట్టలోకి ఎత్తుకొచ్చి నలగ్గొట్టి, మామూలు మట్టిలో నాలుగో వంతు కలిపితే మొదటి పంటకి వేరే ఎరువు దాదాపు అక్కర్లేదు. రొయ్యల చెరువు మట్టి మాత్రం ఊరికే ఇస్తామన్నా తేవద్దు, అది ఉప్పు. ఏ చెరువుదో తెలియకపోతే పిడికెడు మట్టిని గ్లాసు వాన నీళ్లలో కలిపి, తేరిన తర్వాత మీటరు పెట్టి చూడండి.

చేపలు కోయించుకున్నప్పుడు మిగిలే పొట్టా మొప్పలూ సమానమైన బరువు బెల్లంతో డబ్బాలో కలిపి, మూత వదులుగా పెట్టి నీడలో మూడు నాలుగు వారాలు ఉంచితే ద్రావణమవుతుంది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్లు మించకుండా కలిపి పిచికారీ చేస్తే ఆకు నిగనిగలాడుతుంది. ఇదే సరుకుని చిన్న సీసాల్లో పోసి అమ్ముతున్నారు. చేపల బజారు పక్కనే ఇల్లు పెట్టుకుని ఆ సీసా కొనడం ఎందుకు?

రొయ్య పొట్టులో సున్నంతో పాటు కైటిన్ అనే పదార్థం ఉంటుంది. అది మట్టిలో కలిసినప్పుడు దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వంగ, టమాటా వేళ్లకి బుడిపెలు కట్టించే నులిపురుగుల గుడ్ల పెంకులోనూ కైటిన్ ఉంది కాబట్టి, ఆ సూక్ష్మజీవులు వాటినీ వదలవు. పొట్టుని రెండు నీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టి, కరకరలాడేలా ఎండబెట్టి దంచి, కుండీకి గుప్పెడు వేసి లోతుగా కలపాలి. పైపైన చల్లితే పిల్లులు కుండీని తిరగేస్తాయి.

చేపల్ని ఐసులో పెట్టి ఊళ్లు దాటించే థర్మకోల్ పెట్టె అంచు విరిగితే పారేస్తారు. డాబా మీద తోటకి అంతకంటే చవకైన కుండీ లేదు. బరువు లేదు, మే నెల ఎండలో కూడా వేళ్లకి వేడి తగలదు. ప్లాస్టిక్ టబ్బులో అదే మట్టి మధ్యాహ్నానికి కాలిపోతుంది. అడుగున నాలుగు కన్నాలు చేసి, బయట పలచగా సిమెంటు పాలు గానీ తెల్లరంగు గానీ పూస్తే ఎండకి పొడిపొడిగా రాలిపోకుండా కొన్నేళ్లు ఉంటుంది. ఆకుకూరలకి సరిపోయే లోతు ఉంటుంది, పాదులకి చాలదు.

గడ్డి, ఊక

వరి మొక్క నేలలోంచి తీసుకున్న పొటాష్‌లో నూటికి 80 వంతులకి పైగా గడ్డిలోనే మిగిలిపోతుంది, గింజలోకి పోయేది కొంచెమే. కోత మిషను వదిలేసిన గడ్డిని చేలో తగలబెట్టడం చూసినప్పుడల్లా పొటాష్ బస్తాలు తగలబడుతున్నట్టే లెక్క. ఓ మోపు తెచ్చి పాదుల మొదట్లో బెత్తెడు మందాన పరిస్తే నీళ్లు బాగా ఆదా అవుతాయి, కలుపు రాదు, పైకి ఉప్పు తేలదు, చివరికి అదే ఎరువవుతుంది.

ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే. రైసు మిల్లుల దగ్గర సగం కాలి నల్లగా మిగిలిన ఊక బొగ్గు దొరికితే వదలకండి. మన నల్లరేగడి జిగురు మట్టిలో మూడో వంతు అది కలిపితే మట్టి గుల్లబారి వేళ్లకి గాలి ఆడుతుంది. కొబ్బరి పొట్టు ఇటుకలు కొని తెచ్చేది కూడా ఆ పనికే కదా! పూర్తిగా కాలిన తెల్లబూడిదని మాత్రం చిటికెలతోనే వాడాలి. చౌడు నేలలో అసలే క్షారం ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది.

ఏ గింజ దాచుకోవాలి

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన టమాటాల్లో అర్క వికాస్ ఉంది, అర్క రక్షక్ ఉంది. ఇంటిపేరు ఒకటే గానీ, వికాస్ గింజ దాచి మళ్లీ వేస్తే వికాసే కాస్తుంది. రక్షక్ హైబ్రిడ్ కాబట్టి దాని గింజ వేస్తే ఒక మొక్క ఒకలా, మరోటి ఇంకోలా వస్తాయి. పొట్లం మీద ఎఫ్1 అనో హైబ్రిడ్ అనో ఉందేమో చూడండి. ఉంటే ఏటా కొనాల్సిందే. లేకపోతే ఒక్కసారి కొన్నది ఇంటి విత్తనమైపోతుంది. బీరలో జగిత్యాల లాంగ్, బెండలో అర్క అనామిక, గోరుచిక్కుడులో పూసా నవబహార్ అలా దాచుకోదగ్గవే. టమాటా, చిక్కుడు, బొబ్బర్లు తమ పూతలో తామే ఫలదీకరణ చేసుకుంటాయి కాబట్టి కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టడం తేలిక. సొర, గుమ్మడి కీటకాల మీద ఆధారపడేవి. పక్కింటి పందిరి మీద వేరే రకం ఉంటే కలగలుపు తప్పదు.

దాచిన గింజని ఇక్కడ చంపేది తేమ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విత్తనాల మీద పనిచేసిన జేమ్స్ హారింగ్టన్ చెప్పిన లెక్క విత్తన నిల్వలో ఇప్పటికీ మొదటి పాఠం. గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. నిల్వ చేసే చోటు అయిదు డిగ్రీలు చల్లబడితే మళ్లీ రెట్టింపు. చుట్టూ చెరువులున్న ఊళ్లో గాలే తడిగా ఉంటుంది. నీడలో ఆరిన గింజల్ని కాగితం పొట్లాల్లో కట్టి, గాజు సీసాలో వేసి, వేయించి చల్లార్చిన గుప్పెడు బియ్యం అడుగున గుడ్డలో కట్టి పెట్టండి. ఆ బియ్యం తేమని లాక్కుంటుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో కింద అరలో పెడితే టమాటా, వంగ గింజ మూడు నాలుగేళ్లు మొలుస్తుంది. ఉల్లి గింజ మాత్రం ఎంత జాగ్రత్త చేసినా ఏడాది దాటితే నమ్మకం లేదు.

ధనియం ఒక గింజ కాదు, రెండు బద్దలు అతుక్కున్న కాయ. చెప్పుతోనో సీసాతోనో మెల్లగా దొర్లించి విడదీస్తే ఒకదానికి రెండు మొక్కలొస్తాయి. మెంతులు, ఆవాలు, నువ్వులు కిరాణా పొట్లంలోంచి తీసి వేసుకోవచ్చు. పుదీనా కాడ, బచ్చలి కాడ, చిలగడదుంప తీగ, మునగ కొమ్మ, తల్లి చెట్టు పక్కన లేచే కరివేపాకు పిలక: వీటికి ఎవరూ డబ్బు పెట్టక్కర్లేదు. పక్కింటి పిన్నిగారిని అడిగితే చాలు.

ఏది వేస్తే మిగులు

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ మనకి దగ్గర్లోనే ఉంది. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు అక్కడికే దిగుతాయి. అలాంటప్పుడు ఉప్పుకి ఓర్వని ఉల్లిని పెరట్లో నాలుగు నెలలు సాకడం డబ్బు లెక్కన నష్టమే. బంగాళాదుంప కూడా అంతే. నిలవుండే సరుకు బజారులో కొనాలి, తెల్లారేసరికి వాడిపోయేది ఇంట్లో పండించాలి. కొత్తిమీర కట్ట తెస్తే చిటికెడు వాడి మిగతాది ఫ్రిజ్‌లో కుళ్లబెట్టని ఇల్లు అరుదు. ఆకుకూర కట్ట పది రూపాయలనుకుని, రోజుకొక కట్ట లెక్కేసినా ఏడాదికి 3650 రూపాయలు. తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. పాలకూర నెలకి అందుకుని, మొదలు మిగిల్చి కోస్తే నాలుగైదు సార్లు చిగురిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంటోంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర దాటుతుంది. పెరడు అదంతా తీర్చలేదు గానీ అందులో ఆకుకూరల వంతు, మిర్చి, కరివేపాకు, ఒక పందిరి కాయ తీర్చగలదు. నా మాటగా చెప్పాలంటే మొదటి ఏడాది అంతకుమించి ఆశపడి కుండీలు కొనొద్దు.

రాత్రి వేడి 22 డిగ్రీల పైన ఉంటే టమాటా పూత నిలవడం తగ్గిపోతుంది. మే నెలలో పూత రాలుతోందని టానిక్కులు కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. సెప్టెంబరు, అక్టోబరులో నాటితే ఆ ఖర్చు ఉండదు. ఎండాకాలానికి బెండ, గోరుచిక్కుడు, బచ్చలి ఉన్నాయి.

చిక్కుడు ఇంకా చిత్రం. తొలకరిలో వేసిన పాత రకం చిక్కుడు పందిరంతా అల్లుకుని మూడు నెలలైనా ఒక్క పువ్వు పూయదు. గొడ్డు పాదని పీకేస్తుంటారు. పగలు చిన్నదయ్యేదాకా, అంటే దసరా దాటేదాకా అది పూతకి రాదు. అది దాని స్వభావం. ఆగినవాళ్లకి సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా కాయలే కాయలు. రథసప్తమి నాడు సూర్యుడికి చిక్కుడు కాయలతో రథం కట్టడం, చిక్కుడాకుల్లో పాయసం పెట్టడం పాదు నిండుగా ఉండే రోజుల్లోనే వచ్చింది.

బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, కాకర తెల్లారి. పిందెలు పసుపుబారి రాలిపోతుంటే ఎరువు తక్కువైందనుకోకండి, పుప్పొడి మోసే కీటకం రాలేదేమో చూడండి. మగ పువ్వు తెంపి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా తాకిస్తే కాయ నిలుస్తుంది. పువ్వు కింద చిన్న కాయ ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. బీరకి పొద్దుగూకే వేళ, గుమ్మడికి ఎనిమిది గంటల లోపు.

పసుపుపచ్చ నూనె డబ్బా ఖాళీ అయ్యాక దానికి బయట ఆముదం పూసి మొక్కల మధ్య కర్రకి తగిలిస్తే తెల్లదోమ, పేనుబంక వచ్చి అంటుకుంటాయి. ఆ రంగంటే వాటికి ఇష్టం. వారానికోసారి తుడిచి మళ్లీ పూయాలి.

వేప పళ్లు రాలేది ఎండలు తగ్గి వానలు పడే ఆ నాలుగు వారాలే. అప్పుడు ఏరుకుంటే ఏడాది మందు కొనక్కర్లేదు. గుజ్జు కడిగేసి గింజ ఎండబెట్టి, పెంకు తీసిన పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండాలి. నాలుగు చుక్కల కుంకుడు రసం కలిపితే ఆకుకి పట్టుకుంటుంది. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే 5 శాతం వేప గింజల కషాయం ఇదే. సాయంత్రం పూటే కొట్టాలి, వేపలోని అజాడిరక్టిన్ ఎండ తగిలితే త్వరగా చచ్చుబడుతుంది. మిగిలిన గింజని నీడలో బాగా ఆరబెట్టి గోనెసంచిలో కట్టి గాలి తగిలే చోట వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లో కడితే ఈ తేమకి నెల తిరగకుండా బూజు పడుతుంది. ఏడాది దాటిన గింజలో పస తగ్గుతుంది కాబట్టి కొత్త పళ్లు రాలగానే పాతవి ఎరువు గుంటలో వేసేయండి.